వెన్నుపాము గాయం – శరీరంలో అమర్చే పరికరాలు: జీవన నాణ్యతకు కొలమానం

కీలక పదాలు: వెన్నుపాము గాయం, విద్యుత్ ప్రేరణ, సహాయక పరికరాలు, జీవన నాణ్యత, వైకల్య అధ్యయనం.

1. ఉపోద్ఘాతం

స్వావలంబనను తెలుగులో ‘తన కాళ్ళపై తాను నిలబడటం’ అంటాం. నడకే స్వేచ్ఛ అన్న భావన ఈ జాతీయంలో ఇమిడి ఉంది. వెన్నుపాము గాయపడినవారికి అమర్చే పరికరాల విలువను లోకం తరచుగా ఈ భావనతోనే అంచనా వేస్తుంది. గాయపడినవారి ప్రాధాన్యాలు ఇందుకు భిన్నమైనవని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. గాయపడినవారి ప్రాధాన్యాలు

వెన్నుపాము దెబ్బతిన్నప్పుడు గాయానికి దిగువన కదలిక, స్పర్శలతోపాటు మూత్ర, మల విసర్జనలపై అదుపు, లైంగిక సామర్థ్యం కూడా దెబ్బతింటాయి. గాయం పైభాగంలో అయితే రక్తపోటు అదుపు తప్పుతుంది. అమెరికాలో కిమ్ ఆండర్సన్ 2004లో ప్రచురించిన అధ్యయనంలో 681 మంది పాల్గొన్నారు. కాళ్ళూ చేతులూ చచ్చుబడినవారిలో దాదాపు సగంమంది చేతుల పనితీరుకే ప్రథమ స్థానమిచ్చారు. కాళ్ళు మాత్రమే చచ్చుబడినవారి ఎంపికల్లో లైంగిక సామర్థ్యం మొదట నిలిచింది. విసర్జనపై అదుపు ఇరువర్గాలకూ ముఖ్యమైనదే.

3. పరికరాలు – ప్రయోజనాలు, పరిమితులు

బ్రిటన్‌లో గైల్స్ బ్రిండ్లీ 1970ల్లో రూపొందించిన పరికరం నడుము దిగువ నాడీమూలాలకు విద్యుత్ ప్రేరణనిస్తుంది. దాన్ని అమర్చుకున్నవారు బయటి నియంత్రకంతో తమంతట తామే మూత్రాశయాన్ని ఖాళీ చేసుకోగలరు. అయితే ఈ శస్త్రచికిత్సలో సాధారణంగా వెనుకవైపు నాడీమూలాలను కత్తిరిస్తారు. దానివల్ల పురుషుల్లో ప్రతిచర్యగా కలిగే అంగస్తంభన పోతుంది. ఒక ప్రాధాన్యం కోసం మరొకదాన్ని వదులుకోవలసిన ఈ నిర్ణయం వైద్యునిది మాత్రమే కాజాలదు.

క్లీవ్‌లాండ్‌లో రూపొందిన ‘ఫ్రీహ్యాండ్’కు 1997లో అమెరికా ప్రభుత్వ అనుమతి లభించింది. భుజాన్ని కదిలిస్తే పిడికిలి ముడుచుకొని, చెంచానో కలాన్నో పట్టుకోగలిగేది. కొన్నేళ్ళకే అది మార్కెట్ నుంచి వైదొలగింది. పరికరం శరీరంలో జీవితాంతం ఉండవలసింది. దాని నిర్వహణ మాత్రం వ్యాపార నిర్ణయానికి లోబడింది.

2023లో లోజాన్ పరిశోధకులు మెదడు సంకేతాలను వెన్నుపాము ప్రేరకానికి అనుసంధానించి ఒక వ్యక్తి సహజరీతికి దగ్గరగా నడిచేలా చేశారు. అంతకు రెండేళ్ళ ముందు, ఇదే తరహా ప్రేరణతో రక్తపోటును నిలకడగా ఉంచవచ్చని నిరూపణ అయింది. కళ్ళు తిరగకుండా కూర్చోగలగడం చూసేవారికి అద్భుతంగా కనిపించదు. కానీ చదువుకు, ఉద్యోగానికి అదే ఆధారం.

4. ఉపసంహారం

కాబట్టి ఒక పరికరం జీవన నాణ్యతను పెంచిందా అన్న ప్రశ్నకు వేసిన అడుగుల సంఖ్య సమాధానం కాదు. దానివల్ల ఏ పనికి ఇతరులపై ఆధారపడటం తగ్గింది, బదులుగా ఏం కోల్పోవలసివచ్చింది, అది పాడైతే బాగుచేసే బాధ్యత ఎవరిది అన్నవి పరిశీలించాలి. ఆ కొలమానాన్ని నిర్ణయించే హక్కు గాయంతో జీవిస్తున్నవారిది.