తటస్థత వేరు, వస్తునిష్ఠత వేరు

కులం మీద పరిశోధన చేయడానికి ముందుకొచ్చే దళిత, బహుజన విద్యార్థులకు ఇంటర్వ్యూ గదుల్లో తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: ‘మీ కులం గురించి మీరే రాస్తే అందులో వస్తునిష్ఠత ఎలా ఉంటుంది?’ గ్రామీణ సమాజం మీదో, భారతీయ సంస్కృతి మీదో పరిశోధించే అగ్రకుల విద్యార్థిని ఇదే ప్రశ్న అడగడం నేను చాలా అరుదుగా విన్నాను. ప్రశ్నలో తప్పు లేదు. దానిని కొందరికే పరిమితం చేయడంలో తప్పుంది. రాబోయే జనగణనలో కులగణనను చేర్చాలని 2025 ఏప్రిల్ 30న కేంద్ర మంత్రివర్గం నిర్ణయించిన తరువాత ఈ ప్రశ్న విశ్వవిద్యాలయాల ప్రహరీ దాటి బయటికి వచ్చింది. ఎవరు లెక్కిస్తారు, ఏ పేర్లతో లెక్కిస్తారు, వచ్చిన అంకెలకు అర్థం ఎవరు చెబుతారు అన్నవి ఇప్పుడు కోట్లాది మంది బతుకులకు సంబంధించిన విషయాలు. కనుక అసలు వస్తునిష్ఠత సాధ్యమా, సాధ్యమైతే అది అన్ని జ్ఞానరంగాల్లోనూ ఒకే విధంగా ఉంటుందా అన్నది తేల్చుకోవలసిన సమయమిది.

మన చర్చల్లో వస్తునిష్ఠతను తటస్థతతో కలిపేస్తుంటాం. తటస్థుడంటే ఒడ్డున నిలిచినవాడు. నదికి ఒడ్డు ఉంటుంది. కులసమాజానికి అలాంటి ఒడ్డు ఎక్కడుంది? ఈ దేశంలో పుట్టినవారు ఊరిలోనో వాడలోనో పుడతారు. ఏ కులమూ లేని చోట నిలిచి కులాన్ని చూసే అవకాశం దాదాపు ఎవరికీ లేదు. వస్తునిష్ఠత అలా కాదు. మన ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా వస్తువు ఎలా ఉందో అలా తెలుసుకోవడానికి చేసే క్రమబద్ధమైన ప్రయత్నం అది. మొదటిది మనిషి ఎక్కడ నిలిచాడో చెబుతుంది. రెండవది అతని పద్ధతి ఎలాంటిదో చెబుతుంది. ఒక పక్షాన నిలిచిన మనిషి కూడా నిజాయితీగా కొలవగలడు. ఏ పక్షమూ లేదని చెప్పుకునేవాడు తప్పుడు కొలబద్దతో కొలవనూవచ్చు.

కొలబద్ద గురించి మాట్లాడుతున్నాం కనుక ప్రకృతి శాస్త్రాలతోనే మొదలుపెడదాం. అక్కడ రాగద్వేషాలకు తావుండదని మన నమ్మకం. కోవిడ్ రోజుల్లో మన ఇళ్లలోకి వచ్చిన ఆక్సిమీటర్‌నే తీసుకుందాం. వేలికి తగిలిస్తే అంకె చూపే ఆ పరికరానికి కులమూ జాతీ తెలియవు. అయినా 2020లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం ఒక చేదు నిజాన్ని బయటపెట్టింది. ఆక్సిమీటర్ 92 నుంచి 96 శాతం వరకు చూపిన సందర్భాల్లో, రక్తాన్ని నేరుగా పరీక్షించినప్పుడు ప్రమాదకరంగా తక్కువ ఆక్సిజన్ కనబడినవి నల్లజాతి రోగులలో 11.7 శాతం, తెల్లజాతి రోగులలో 3.6 శాతం. చర్మంలోని వర్ణకం కాంతిని గ్రహించే తీరు ఆ అంకెను ప్రభావితం చేస్తుంది. పరికరాన్ని ఏ చర్మాల మీద ఎక్కువగా సరిచూశారన్నది అందుకే కీలకం. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండనవసరం లేదు. అయినా ఆ పొరపాటు భారం అందరి మీదా సమానంగా పడలేదు. అయితే ఆ లోపాన్ని బయటపెట్టినది కూడా మరో కొలతే. ఈ ఉదాహరణలోని రెండు పాఠాలనూ గుర్తుంచుకోవాలి.

జన్యుశాస్త్రం మనకు మరింత దగ్గరి ఉదాహరణ. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, హార్వర్డ్ శాస్త్రవేత్తలు కలిసి 2009లో ప్రచురించిన పరిశోధన, భారతీయ సమూహాల్లో అత్యధికం రెండు ప్రాచీన జనాభాల కలయిక నుంచి వచ్చాయని చూపింది. 2013 నాటి మరో అధ్యయనం ఆ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల క్రితం వరకు సాగిందని, ఆ తరువాత అంతర్వివాహం గట్టిపడిందని తేల్చింది. ఆంధ్ర ప్రాంతపు వైశ్య సమూహంలో రెండు మూడు వేల ఏళ్లుగా బయటివారితో కలయిక దాదాపు లేదన్నది ఆ పరిశోధనల్లోని ప్రసిద్ధమైన అంశం. ఈ అంకెలు ఎవరి అభిప్రాయాలూ కావు. కానీ ఆ రెండు ప్రాచీన జనాభాలకు ఏ పేర్లు పెట్టాలన్న దగ్గర హైదరాబాద్‌లో తీవ్రమైన చర్చ జరిగిందని ఆ బృందంలోని డేవిడ్ రైక్ తన 2018 నాటి పుస్తకంలో రాశారు. దేశం బయటి మూలాలను సూచించే మాటలకు బదులు ‘ప్రాచీన ఉత్తర భారతీయులు’, ‘ప్రాచీన దక్షిణ భారతీయులు’ అన్న పేర్లు ఆ చర్చ నుంచే వచ్చాయి. లెక్క ప్రయోగశాలదే, పేరు మాత్రం సమాజంతో బేరమాడి తెచ్చుకున్నది.

పేర్లకే ఇంత చర్చ జరిగితే, మనుషులనే కొలిచిన శాస్త్రం మాటేమిటి? 1901 జనగణనకు కమిషనర్‌గా ఉన్న హెర్బర్ట్ రిస్లీ ముక్కుల వెడల్పును కొలిచి, సాంఘిక హోదా పెరిగేకొద్దీ ముక్కు సన్నబడుతుందని సూత్రీకరించాడు. అంకెలు, పట్టికలు, సగటులు అన్నీ ఉన్నాయి కనుక అది చూడడానికి శాస్త్రంలాగే ఉంది. అదే జనగణనలో కులాలను సాంఘిక హోదా వరుసలో పేర్చారు. రాయి తన గురించి భూగర్భ శాస్త్రవేత్త రాసినది చదవదు. మనిషి చదువుతాడు. తమ స్థానం పెంచమని, తమ పేరు మార్చమని కులసంఘాల వినతిపత్రాలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. సామాజిక శాస్త్రాలకూ ప్రకృతి శాస్త్రాలకూ ఉన్న తేడా ఇక్కడే ఉంది: ఇక్కడ కొలత కొలిచిన వస్తువునే మారుస్తుంది.

రిస్లీకి అంబేద్కర్ ఇచ్చిన జవాబు ప్రత్యేకంగా గమనించదగ్గది. ముక్కులు కొలవడం వలసపాలకుల కుట్ర అని ఒక్క మాట అని ఆయన ఊరుకోలేదు. రిస్లీ సూత్రం దేశమంతటికీ వర్తించదని జి.ఎస్. ఘుర్యే అప్పటికే చూపి ఉన్నారు. అంబేద్కర్ 1948 నాటి ‘ది అన్‌టచబుల్స్’ గ్రంథంలో ఆ కొలతలనే ముందు పెట్టుకుని, బ్రాహ్మణులూ అంటరానివారూ ఒకే జాతికి చెందినవారని అవే చెబుతున్నాయని వాదించారు. అంటరానితనానికి జాతిభేదమే మూలమన్న సిద్ధాంతం దాని సొంత లెక్కల ముందే నిలవలేకపోయింది. అంబేద్కర్ ఈ ప్రశ్నలో తటస్థుడు కాదు, కానని ఆయన ఎన్నడూ దాచలేదు. అయినా ఆయన వాదాన్ని ఎవరైనా అవే పట్టికలు తెరిచి సరిచూసుకోవచ్చు.

సామాజిక శాస్త్రంలో క్షేత్ర పరిశోధనది మరో రకం ఇబ్బంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి ఎస్.సి. దూబే షామీర్‌పేట గ్రామాన్ని అధ్యయనం చేసి 1955లో ప్రచురించిన పుస్తకం, మైసూరు ప్రాంతంలోని రాంపుర గురించి ఎం.ఎన్. శ్రీనివాస్ 1976లో వెలువరించిన పుస్తకం ఈ రంగంలో గౌరవనీయమైనవి. శ్రీనివాస్ 1948లో రాంపురలో ఉన్నది గ్రామపెద్ద కల్పించిన బసలో. తాను చూసినది పై కులాల వైపు నుంచి కనబడిన గ్రామమని తరువాత ఆయనే అంగీకరించారు. ఆ అంగీకారం ఆయన పుస్తకం విలువను తగ్గించలేదు. దానిని ఎలా చదవాలో మనకు నేర్పింది. పరిశోధకుడు ఎవరి అరుగు మీద కూర్చుని ఊరిని చూశాడన్నది అతని పద్ధతిలో భాగమే. మన సామాజిక శాస్త్రాల్లో సిద్ధాంతం చెప్పేవారు ఒక వర్గం, సమాచారం మోసుకొచ్చేవారు మరో వర్గం అన్న విభజన ఉందని గోపాల్ గురు 2002లో చేసిన విమర్శ నేటికీ పాతబడలేదు. ఒకరి అనుభవాన్ని ‘దత్తాంశం’గా, మరొకరి అనుభవాన్ని ‘ఇంగితజ్ఞానం’గా లెక్కించే చోట వస్తునిష్ఠత మొదటే కుంటుపడుతుంది.

ప్రతిభను కొలిచే పరీక్షల సంగతీ ఇంతే. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ గ్రామీణ బాలురతో చిక్కుదారుల పజిళ్లు చేయించిన ప్రయోగం 2006లో ప్రచురితమైంది. కులం ప్రకటించనప్పుడు పై కులాల, కింది కులాల పిల్లల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అందరి ముందూ కులం పేరు చదివాక కింది కులాల పిల్లల ఫలితాలు పడిపోయాయి. పిల్లలూ పజిళ్లూ అలాంటివే. మారినది గదిలోని వాతావరణం ఒక్కటే. సుఖదేవ్ థోరట్, పాల్ అటివెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే స్థాయి అర్హతలతో, వేర్వేరు పేర్లతో ప్రైవేటు ఉద్యోగాలకు దరఖాస్తులు పంపారు. అగ్రకులాల పేర్లతో పోలిస్తే దళితుల పేర్లకు పిలుపు వచ్చే అవకాశం మూడింట రెండు వంతులే. ‘మేం ప్రతిభనే చూస్తాం’ అన్న మాట ఎంత నిజమో తేల్చినవి ఇలాంటి వస్తుగతమైన ప్రయోగాలే.

న్యాయస్థానాల్లో ఈ ప్రశ్న చావుబతుకులది. 1968 డిసెంబర్ 25న తమిళనాడులోని కీళ్వెణ్మణిలో 44 మంది దళితులు సజీవ దహనమయ్యారు. 1973లో మద్రాసు హైకోర్టు నిందితులను విడుదల చేస్తూ, అంతటి ఆస్తిపరులు స్వయంగా నడిచి వచ్చి ఇళ్లకు నిప్పుపెట్టారంటే నమ్మడం కష్టమన్న తర్కాన్ని ముందుకు తెచ్చింది. సాక్ష్యంలో లేని ఒక సాంఘిక ఊహ ఇంగితజ్ఞానం పేరుతో తీర్పులోకి ప్రవేశించింది. మన చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులు హత్యకు గురయ్యారు. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష విధిస్తే, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా ప్రకటించింది. నేరాలు వేరు, తీర్పుల్లోని తర్కాలూ వేరు. కానీ ఒక ప్రశ్న రెండింటికీ ఉమ్మడిది: ప్రాణభయంతో పారిపోతూ చూసిన మనిషి సాక్ష్యాన్ని, తీరికగా చూసిన మనిషి సాక్ష్యాన్ని తూచే తూనికతోనే తూచవచ్చునా?

ఇవన్నీ చదివిన విద్యార్థి, అయితే సత్యమంటూ ఏదీ లేదు, ఎవరి సత్యం వారిదే అన్న నిర్ణయానికి రావచ్చు. ఈ మాట ఈమధ్య చాలా ఆకర్షణీయంగా వినబడుతోంది. దీనితో నేను ఏకీభవించలేను. ఎవరి సత్యం వారిదే అయితే కీళ్వెణ్మణిలో కాలిపోయినవారి సంఖ్య కూడా ఒక అభిప్రాయంగా మిగులుతుంది. అప్పుడు ఎవరి గొంతు పెద్దదైతే వారి సత్యమే చెల్లుతుంది. బలవంతుడికి వస్తునిష్ఠతతో అంత అవసరం ఉండదు, అతని మాట ఎలాగూ నెగ్గుతుంది. రుజువు అవసరమయ్యేది బలహీనుడికే. అందుకే పీడితుల ఉద్యమాలు వాస్తవాన్ని వదులుకోలేవు.

సాండ్రా హార్డింగ్ ప్రతిపాదించిన ‘బలమైన వస్తునిష్ఠత’ ఈ చిక్కుకు ఒక దారి చూపుతుంది. పరిశోధకుడు తాను నిలిచిన చోటును దాచకుండా దానినీ పరిశీలనకు పెట్టాలని, అట్టడుగు జీవితాల నుంచి ప్రశ్నలు మొదలుపెట్టాలని ఆమె వాదన. వస్తునిష్ఠత ఒక వ్యక్తి మనసులోని గుణం కాదని, పరస్పర విమర్శకు వీలిచ్చే సమూహం సాధించేదని హెలెన్ లాంగినో అంటారు. నేను దీనిని మన సందర్భంలో ఇలా అర్థం చేసుకుంటాను: ఒక తప్పు వల్ల ఎక్కువగా నష్టపోయేవారికి ఆ తప్పును ఎత్తిచూపే హక్కు, అందుకు కావలసిన సమాచారం ఉన్నాయా? ఉన్నంత మేరకే ఆ జ్ఞానం వస్తునిష్ఠమైనది. పద్ధతులు రంగానికొకటి ఉండవచ్చు, ఈ పరీక్ష మాత్రం అన్నింటికీ వర్తిస్తుంది.

మండల్ కమిషన్ 11 సూచికలకు మొత్తం 22 పాయింట్లు కేటాయించింది. సాంఘిక సూచికకు మూడేసి, విద్యా సూచికకు రెండేసి, ఆర్థిక సూచికకు ఒక్కొక్కటి. ఈ విలువలు ఆకాశం నుంచి ఊడిపడినవి కావు, అవి కమిషన్ నిర్ణయాలు. కానీ వాటిని దాచకుండా నివేదికలో పెట్టింది కనుకనే విమర్శించడం, సమర్థించడం సాధ్యమయ్యాయి. 2011 సామాజిక, ఆర్థిక సర్వేలోని కులాల వివరాలు వెలుగు చూడనేలేదు. చూపని లెక్క తప్పో ఒప్పో ఎవరూ చెప్పలేరు.

ఈ పరీక్ష మనవైపు కూడా తిప్పుకోవలసిందే. పుట్టుక చూపునిస్తుంది గాని రుజువునివ్వదు. మాదిగ దండోరా ఉద్యమం 1994 నుంచి అడిగినది ఇదే: దళితులందరి పేరుతో చెప్పే సత్యంలో ఏ కులం అనుభవం ఎంత? 2024 ఆగస్టు 1న వర్గీకరణకు సుప్రీంకోర్టు అనుమతిస్తూ, దానికి ఆధారం రాజకీయ అవసరం కాక దత్తాంశం కావాలన్నది. సంచార కులాల, అతిచిన్న కులాల మనుషులు రేపు బీసీ జాబితాల గురించి ఇదే అడుగుతారు. అడగాలి కూడా.

కనుక కులగణన విషయంలో నిష్పాక్షికులైన అధికారులను పంపమని కోరడంతో సరిపెట్టుకోకూడదు. కులాల పేర్ల జాబితాను ముందే ప్రకటించి అభ్యంతరాలు స్వీకరించాలి. వర్గీకరణ సూత్రాలను బహిరంగపరచాలి. వ్యక్తుల వివరాలు బయటపడకుండా చూస్తూ మొత్తం దత్తాంశాన్ని పరిశోధకులకు అందుబాటులో ఉంచాలి. ఇంటర్వ్యూ గదిలో ఆ పాత ప్రశ్న ఎదురయ్యే విద్యార్థులకు నేను చెప్పేది కూడా ఇదే. నా పద్ధతి ఇది, నా ఆధారాలు ఇవి, నేను నిలిచిన చోటు ఇది, సరిచూసుకోండి అని చెప్పండి. ఆ తరువాత అంతే మర్యాదగా, అడిగినవారిని కూడా వారు నిలిచిన చోటేదో చెప్పమనండి.