మూగ్ యంత్రమూ, మూగబోయిన టేపులూ

ఏటా జనవరి 29న విజయ్ చౌక్‌లో సైనిక బ్యాండ్లు ముగింపు గీతాలు వాయించేటప్పుడు ట్రాంబోన్ అనే ఇత్తడి వాద్యాన్ని మేము విలేఖరులం చూస్తూనే ఉంటాం. గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరిపి ఊదే ఆ వాద్యం భాగాలను విడదీసి సైతం పలికించేలా అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ 1957-58లో ఒక రచన చేశాడు. అంతకుముందే, 1939లో, గ్రామఫోను పళ్లేల వేగాన్ని మార్చి వాటినే వాద్యాలుగా వినిపించాడు. ఇదేం సంగీతమని మన విద్వాంసులు ముఖం చిట్లించవచ్చు. కాని మనసును శాంతపరచడమే సంగీత ప్రయోజనమని ఆయనకు చెప్పింది 1946లో న్యూయార్కు వెళ్లిన మన గీతా సారాభాయ్!

ఆ స్నేహఫలం అహ్మదాబాదుకూ దక్కింది. అక్కడి జాతీయ డిజైన్ సంస్థలో 1969లో కేజ్ సహచరుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజరుతో ఎలక్ట్రానిక్ సంగీతశాలను నెలకొల్పాడు. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్ ప్రభృతులు అందులో కృషి చేశారు. కొద్ది సంవత్సరాలకే అది మూగబోయింది. టేపులు దశాబ్దాలపాటు అజ్ఞాతవాసం చేశాయి. వాటిని వెలికితెచ్చి లోకానికి వినిపించినవాడు బ్రిటన్ కళాకారుడు పాల్ పుర్గస్. 2023లో అవి రికార్డుగా వెలువడ్డాయి.

ఈ సంస్థ ప్రభుత్వ సొమ్ముతో నడిచేదే. 2014లో పార్లమెంటు చట్టం దానికి జాతీయ ప్రాముఖ్య హోదా కల్పించింది. 2019 సవరణతో ఆంధ్రప్రదేశ్‌లోని సంస్థకూ ఆ హోదా లభించింది. సాంస్కృతిక పరిరక్షణ గురించి ఉభయ సభలలో నేను విన్న ఉపన్యాసాలకు లెక్కలేదు. ప్రభుత్వ సంస్థల అలమరలలో ఇంకా ఎన్ని టేపులు ఉన్నవో, ఎన్ని బూజుపట్టినవో మన సభ్యులలో ఒక్కరైనా ప్రశ్నోత్తరాల వేళ అడిగితే బాగుండును.