లింకన్ పట్టుకు దిగిన మెట్ల కొయ్య

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, హాజెన్‌విల్ అనే చిన్న ఊరి దగ్గర గుట్ట మీద గ్రీకు గుడిని తలపించే రాతి కట్టడం ఉంది. కింది నుంచి 56 మెట్లు. అబ్రహాం లింకన్ ఎన్నేళ్లు బతికాడో అన్ని మెట్లు పెట్టారు. ఎక్కి లోపలికెళ్తే నట్టనడుమ చిన్న దుంగల గుడిసె. 1909లో దీనికి శంకుస్థాపన చేసింది అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్. 1911లో అంకితం చేసింది ఆయన తర్వాత వచ్చిన అధ్యక్షుడు టాఫ్ట్. పూరింట పుట్టి దేశాన్ని నడిపినవాడికి ఆ దేశం కట్టిన గుడి అది.

ఆ గుడిసెలో మాత్రం లింకన్ పుట్టలేదు. 2004లో దుంగల్లోని వలయాలను లెక్కగట్టి చూస్తే, వాటిలో అన్నిటికన్నా పాతది 1848 నాటిదని తేలింది. లింకన్ పుట్టింది 1809లో. 1848కల్లా ఆయన వాషింగ్టన్‌లో కాంగ్రెస్ సభ్యుడు!

ఇదెలా జరిగింది? 1890ల్లో ఒక వ్యాపారి లింకన్ పుట్టిన పొలం కొన్నాడు. దగ్గర్లోని పాత ఇంటి దుంగలు తెచ్చి గుడిసె కట్టించి, ఊరూరా ప్రదర్శనకు పెట్టాడు. బానిసత్వం కోసం యుద్ధం చేసిన దక్షిణాది నాయకుడు జెఫర్సన్ డేవిస్ పుట్టిన గుడిసె పేరుతో ఇంకొకటీ తోడుగా తిరిగింది. విప్పడం, కట్టడం, బండ్లకెత్తడంలో రెండింటి దుంగలూ కలగలిసిపోయాయి. చివరికి స్మారక భవనంలో జనం తిరగడానికి చోటు చాలడం లేదని గుడిసెనే కత్తిరించి చిన్నది చేశారు. ఇప్పుడు జాతీయ పార్కుల శాఖ దాన్ని ‘ప్రతీకగా నిలిపిన గుడిసె’ అంటోంది. ఆ మాట దాచకుండా చెప్పడం నాకు గొప్పగా అనిపిస్తుంది. పొలం నిజమైనదే, గుట్ట కింద ఇప్పటికీ పారే ఊట నిజమైనదే. అవి చాలు. మన దగ్గర ఏటా ఉపాధ్యాయ దినోత్సవానికి చేతులు మారే ‘కొడుకు టీచరుకు లింకన్ ఉత్తరం’ కూడా ఆ దుంగల బాపతే. ఆయన రాసినట్టు ఏ ఆధారమూ లేదు.

నిజమైన ఇల్లు చూడాలంటే ఇల్లినాయ్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌కు, ఎయిత్, జాక్సన్ వీధులు కలిసే మూలకు వెళ్లాలి. లింకన్ జీవితం మొత్తంలో సొంతంగా కొనుక్కున్న ఇల్లు ఇదొక్కటే. 1844లో, తన పెళ్లి జరిపించిన పాదిరీ దగ్గరే 1,200 డాలర్ల రొక్కమూ 300 డాలర్ల విలువ చేసే స్థలమూ ఇచ్చి కొన్నాడు. అప్పటికి పైన సరైన అంతస్తు కూడా లేదు. లాయరుగా సంపాదన పెరిగాక, 1856లో నిండుగా మేడ లేచింది. నలుగురు కొడుకుల్లో ముగ్గురు పుట్టింది ఈ ఇంట్లోనే. రెండోవాడు ఎడ్డీ నాలుగేళ్లయినా నిండకుండా 1850లో కన్నుమూసిందీ ఇక్కడే. 1860 మే నెలలో పార్టీ పెద్దలు వచ్చి, అధ్యక్ష పదవికి అభ్యర్థివి నువ్వేనని చెప్పింది ఈ ముందు గదిలోనే.

పడకగదిలో ఆయన రాసుకున్న చిన్న బల్ల ఉంది. అంత ఎత్తు మనిషికి మోకాళ్లు ఎక్కడ పట్టాయా అనిపిస్తుంది. 1861లో ఒక సచిత్ర వారపత్రిక ఈ గదుల బొమ్మలు అచ్చేసింది. ఏ కుర్చీ ఎక్కడుండేదో, గోడకు ఏ పూల కాగితం అంటించారో పోల్చుకోవడానికి పునరుద్ధరణ చేసినవాళ్లకు ఆ బొమ్మలే దారి చూపాయి. మెట్ల పక్కనున్న కొయ్య కమ్మీ మాత్రం అప్పటిదే. దాన్ని పట్టుకోవడానికి అందరికీ అనుమతి ఉంది. రోజూ పొద్దున్నే లింకన్ పట్టుకుని దిగిన కొయ్య అది.

ఈ ఇల్లు చేజారేదే. లింకన్ హత్య తర్వాత అద్దెకు తిరిగింది. 1883లో దిగిన ఓల్డ్‌రాయిడ్ అనే అభిమాని, లింకన్‌కు సంబంధించినదల్లా పోగేసి గదులు నింపి, వచ్చినవాళ్లకు చూపించేవాడు. అద్దె మాత్రం సరిగా కట్టేవాడు కాదు. మిగిలిన ఒక్క కొడుకు రాబర్ట్ విసిగిపోయి, 1887లో ఇంటిని రాష్ట్రానికి రాసిచ్చేశాడు. షరతులు రెండే: బాగా చూసుకోవాలి, చూడ్డానికి డబ్బు తీసుకోకూడదు. ఈనాటికీ అక్కడ టికెట్ ఉచితం. ప్రతిదానికీ రుసుము పెట్టే కాలంలో, కొడుకు పెట్టిన ఆ షరతు తండ్రికి తగినది.

లింకన్ చనిపోయిన వాషింగ్టన్ ఇంటినీ 1896లో ప్రభుత్వం కొన్నది. పొడగరి కావడంతో ఆయన్ను అక్కడి మంచం మీద ఐమూలగా పడుకోబెట్టారు. ఆ అసలు మంచం ఇప్పుడు షికాగో మ్యూజియంలో ఉంది. ఇక వేసవుల్లో ఆయన మకాం మార్చి, బానిస విమోచన ప్రకటన మీద పనిచేసిన సోల్జర్స్ హోమ్ కుటీరాన్ని 2008లో జనానికి తెరిచారు. ఆయన వాడిందో కాదో తెలియని సామాను తెచ్చి నింపకుండా గదుల్ని దాదాపు ఖాళీగా వదిలేశారు. మంచి నిర్ణయం.

స్ప్రింగ్‌ఫీల్డ్‌లో 1972లో లింకన్ ఇంటిని చేతికి తీసుకున్న జాతీయ పార్కుల శాఖ ఆ ఒక్కదానితో ఆగలేదు. చుట్టూ నాలుగు వీధుల మేర తీసుకుని, తర్వాత లేచిన కట్టడాలు తొలగించి, ఇరుగుపొరుగు ఇళ్లనూ బాగుచేసింది. వాటి మధ్య ఒక ఖాళీ స్థలం ఉంది. అక్కడ జేమ్సన్ జెంకిన్స్ అనే నల్లజాతీయుడి ఇల్లుండేది. బండి తోలుకుని బతికేవాడు. పారిపోయి వచ్చిన బానిసలను రహస్యంగా దాటించేవాడు కూడా. 1861 ఫిబ్రవరి 11న అధ్యక్ష పదవి చేపట్టడానికి బయల్దేరిన లింకన్‌ను స్టేషన్‌కు చేర్చింది ఆయనే. ఇల్లు పోయినా ఆ చోటును గుర్తుపెట్టి, ఆ మనిషి కథ చెబుతున్నారు.

అదే ఊళ్లో 1908 ఆగస్టులో తెల్లవాళ్ల మూకలు నల్లవాళ్ల ఇళ్లు తగలబెట్టి, ఇద్దరిని చంపేశాయి. లింకన్ ఊళ్లోనే ఇలా జరిగిందన్న కలత నుంచే మరుసటి ఏడు నల్లజాతీయుల హక్కుల కోసం ‘ఎన్‌ఏఏసీపీ’ సంస్థ పుట్టింది. వందేళ్ల తర్వాత రైలు మార్గం పనులకు తవ్వుతుంటే కాలిపోయిన ఐదిళ్ల పునాదులు బయటపడ్డాయి. 2024 ఆగస్టు 16న అధ్యక్షుడు బైడెన్ ఆ చోటును జాతీయ స్మారకంగా ప్రకటించారు. స్ప్రింగ్‌ఫీల్డ్ వెళ్లేవాళ్లు లింకన్ ఇల్లు చూసి వెనుదిరగకుండా, ఆ పునాదుల దాకా కూడా నడవాలి.