ఆటలో అరటిపండు



చిన్న పిల్లలు ఆటకొస్తే మనం "ఆటలో అరటిపండు" అంటం. వాడు అవుటైనా లెక్కలేదు, గెలిచినా లెక్కలేదు. ఉట్నూరు దగ్గర మా గూడెంల నేను గట్లనే ఆడిన. ఆడనిచ్చిండ్రు గని, ఆడినట్టు అనిపించలే.

వీడియో గేములల్ల గూడ ఈ లొల్లి ఉన్నది. 2019లో వచ్చిన జపాన్ గేము 'సెకిరో'లో సులువు చేసుకునే వీలు లేదు. అందరూ ఒకే కష్టం దాటితేనే ఆ సంతోషం అందరిదీ అయితదని తయారుచేసినవాళ్ల వాదన. 2018లో వచ్చిన 'సెలెస్ట్' వేరు. అందులో మాడలిన్ అనే అమ్మాయి కొండ ఎక్కాలె. చాలా కష్టమైన ఆట. అయితే 'అసిస్ట్ మోడ్' పెట్టుకుంటే వేగాన్ని సగం దాకా తగ్గించుకోవచ్చు, అలసట లేకుండా చేసుకోవచ్చు. చేతనైనంక తీసేయవచ్చు. వేళ్లు సరిగ్గా ఆడనివాళ్లు గూడ శిఖరం చూస్తరు. కష్టంగా ఆడేవాళ్లకు తరుగేమీ లేదు.

కాబట్టి సులువు ఉండాలె. కాని ఎంత కావాలో ఆడేవాడే చెప్పాలె, వాని గెలుపును లెక్కపెట్టాలె.

ఈ ఆదివారం గోలీలాటకు ఆరో తరగతి తమ్ముళ్లొస్తే గీత ఎంత దగ్గర గియ్యాల్నో వాళ్లనే అడుగుదాం. కొడితే మాత్రం లెక్కే!