టీడీఎస్ మీటర్‌కి కనబడనిది ఏంటి? 1907–1914 టెక్నాలజీలు పటాన్‌చెరు నీళ్లలో కలిసిన కథ

ఆన్‌లైన్‌లో రెండు మూడు వందలకి దొరికే టీడీఎస్ మీటర్ ఒకటి కొనుక్కుంటే నీళ్లు మంచివో కావో తేలిపోతుందని చాలామంది అనుకుంటారు. బోరు నీళ్లలో ముంచుతారు, 280 అని చూపిస్తుంది, హమ్మయ్య అనుకుంటారు. మీరు ఉండేది పటాన్‌చెరు, బొల్లారం, ఇస్నాపూర్ వైపు అయితే మాత్రం ఆ 280 మీకు అసలు విషయం చెప్పదు. ఎందుకో తెలియాలంటే ఒకసారి వందేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

ముందు మీటర్ సంగతి చూద్దాం. దాని కింద రెండు చిన్న లోహపు పిన్నులు ఉంటాయి. వాటి మధ్య నీళ్లలో కరెంట్ ఎంత తేలిగ్గా పారుతుందో చూసి, ఆ విలువను సుమారు 0.5 నుంచి 0.7 మధ్య ఉండే ఒక అంకెతో హెచ్చించి పీపీఎంలో చూపిస్తుంది. అంతే! అంటే అది కొలిచేది నీళ్లలో కరిగిన ఉప్పుల్ని. మన బీఐఎస్ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ 500 లోపు ఉండాలి. వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి.

స్టిక్కర్ మీద ఉన్నవి ఎంత పాతవో తెలుసా?

ప్యూరిఫైయర్ డబ్బా మీద "అడ్వాన్స్‌డ్ ఆర్‌ఓ+యూవీ+యూఎఫ్" అని మెరిసే స్టిక్కర్ ఉంటుంది కదా. అందులో ఆర్‌ఓ ఒక్కటే కాస్త కొత్తది, పనికొచ్చే మెంబ్రేన్ 1960 ప్రాంతంలో అమెరికాలో తయారైంది. మిగతా రెండూ మన ముత్తాతల కాలం నాటివి. అల్ట్రాఫిల్ట్రేషన్ అనే పేరు 1907 ప్రాంతంలో జర్మనీలో హైన్రిచ్ బెచ్‌హోల్డ్ పెట్టింది. తాగునీటి మీద యూవీ దీపం వాడి చూసింది 1910లో, ఫ్రాన్స్‌లోని మార్సెయిల్‌లో. పీహెచ్ స్కేల్‌ని 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ లేబొరేటరీలో సోరెన్‌సెన్ రూపొందించాడు. అవును, బీర్ కంపెనీ వాళ్ల ల్యాబే. ఇప్పటి పెన్ టైప్ పీహెచ్ మీటర్ కొన మీద ఉండే గాజు బుడగ వెనక ఉన్న పరిశోధన కూడా అదే ఏడాది అచ్చయింది.

ఊరంతటికీ వెళ్లే తాగునీటిలో రోజూ క్లోరిన్ కలపడం అమెరికాలో జెర్సీ సిటీకి 1908 సెప్టెంబర్ 26న మొదలైంది. సరిగ్గా రెండు రోజుల తర్వాత, సెప్టెంబర్ 28న, హైదరాబాద్‌లో మూసీ వరద వచ్చింది. ఆ రెండింటికీ ఏ సంబంధం లేదు, కానీ మన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ వరద తర్వాత కట్టినవే కాబట్టి తేదీ గుర్తుండిపోతుంది.

అదే సమయంలో: నంబర్ 606

ఇప్పుడు మందుల వైపు వద్దాం. 1909లో జర్మనీలో పాల్ ఎర్లిచ్ ల్యాబ్‌లో సహచిరో హాటా అనే జపాన్ శాస్త్రవేత్త, 606 నంబర్ వేసిన ఒక ఆర్సెనిక్ రసాయనం సిఫిలిస్ క్రిమిని చంపుతుందని కనిపెట్టాడు. 1910లో అది సల్వార్సాన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది. మనిషిని వదిలేసి లోపలి క్రిమిని మాత్రమే గురిచూసి కొట్టే రసాయనాన్ని ఫ్యాక్టరీలో తయారు చేయొచ్చని లోకానికి గట్టిగా తెలిసింది అప్పుడే. ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. సల్వార్సాన్ రాకముందే, 1907లోనే, కొన్ని పరాన్నజీవులు మందుకి అలవాటుపడి చావడం మానేస్తున్నాయని ఎర్లిచ్ బృందం గమనించింది. అంటే మందు కంటే ముందు దాని సమస్యే బయటపడింది.

ఆ దారిలో పుట్టిన పరిశ్రమ మన దగ్గరికి 1960లలో బాలానగర్‌లోని ఐడీపీఎల్ రూపంలో వచ్చింది. అక్కడ పని నేర్చుకున్నవాళ్లలో చాలామంది బయటికొచ్చి సొంతంగా బల్క్ డ్రగ్ యూనిట్లు పెట్టారు. అవి జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు దాకా పాకాయి. మెడికల్ షాపులో మనం కొనే మాత్రలో అసలు పనిచేసే పొడి తయారయ్యేది ఇలాంటి చోటే.

మురుగునీటికి తోడు పెట్టడం

ఫ్యాక్టరీ అన్నాక వాడిన నీళ్లు బయటికి వస్తాయి. వాటిని శుభ్రం చేసే పద్ధతుల్లో ఇప్పటికీ ప్రపంచమంతా ఎక్కువగా నమ్ముకున్నది యాక్టివేటెడ్ స్లడ్జ్. దాని వయసు కూడా ఇంచుమించు అంతే. మాంచెస్టర్ దగ్గర డేవీహ్యూమ్‌లో ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరు మురుగునీళ్లలోకి గాలి ఊదుతూ పరీక్షలు చేశారు. మొదట నీళ్లు పూర్తిగా శుభ్రపడటానికి దాదాపు ఐదు వారాలు పట్టింది. అడుగున చేరిన మడ్డిని పారబోయకుండా అట్టిపెట్టి, కొత్త మురుగు పోసి మళ్లీ గాలి ఊదారు. ఇలా చేస్తూ పోతే పని 24 గంటల్లోపే అయిపోవడం మొదలైంది. 1914 ఏప్రిల్ 3న ఈ ఫలితాల్ని బయటపెట్టారు. వాళ్లకు గురువైన గిల్బర్ట్ ఫౌలర్ ఆ తర్వాత బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కి ప్రొఫెసర్‌గా వచ్చారు.

ఇందులో మనకి తెలియని కిటుకేమీ లేదు, పెరుగు తోడు పెట్టడం లాంటిదే. నిన్నటి గిన్నెలోంచి కాస్త మిగుల్చుకుని ఇవాళ్టి పాలల్లో వేస్తాం. అందులోని సూక్ష్మజీవులు మిగతా పని చేసుకుంటాయి. గేదెకి జబ్బు చేసి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ వేస్తే ఆ పాలు సరిగ్గా తోడుకోవని పాడి ఉన్నవాళ్లకి తెలుసు. పటాన్‌చెరులో జరిగింది అర్థం కావాలంటే ఈ ఒక్క ఉదాహరణ గుర్తుపెట్టుకోండి చాలు.

రెండూ ఒకే ట్యాంకులో కలిస్తే

2007లో స్వీడన్‌కి చెందిన జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని పరీక్షించి ఫలితాలు ప్రచురించింది. అక్కడికి సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల నుంచి రోజుకి దాదాపు 15 లక్షల లీటర్ల నీళ్లు వచ్చేవి. శుద్ధి అయ్యాక కూడా ఆ నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మనింటికి వచ్చే 20 లీటర్ల క్యాన్ లెక్కన చూడండి: 620 మిల్లీగ్రాములు, అంటే ఒక 500 ఎంజీ మాత్ర కంటే ఎక్కువే. ఆ మాత్ర వేసుకున్న పేషెంట్ రక్తంలో ఉండే మోతాదు కూడా ఇంత ఉండదు. ఇది తాగే నీరు కాదు, వాగులోకి వదిలే నీరు. కానీ 2009లో వచ్చిన తర్వాతి పరిశోధనలో చుట్టుపక్కల చెరువుల్లో, కొన్ని ఊళ్ల బావుల్లో కూడా మందుల ఆనవాళ్లు దొరికాయి.

ట్యాంకులో సూక్ష్మజీవులు బలంగా ఉండాలని ఇళ్ల మురుగునీటిని కూడా అందులో కలిపేవారు. అంటే మనిషి పేగుల్లోని బ్యాక్టీరియా, దాన్ని చంపే మందు, రెండూ ఒకే చోట చేరాయి. మందుకి లొంగేవి చస్తాయి, లొంగనివి మిగులుతాయి. ఆ మిగిలినవాటినే మళ్లీ తోడుగా వేస్తాం. 1914 నాటి ఐడియాలో గొప్పతనమేదో ఇక్కడ ముప్పు కూడా అదే అయింది. 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఈ కేంద్రం నుంచి తీసిన 93 బ్యాక్టీరియా నమూనాలను 39 యాంటీబయాటిక్స్‌తో పరీక్షిస్తే, 86 శాతం నమూనాలు 20 లేదా అంతకన్నా ఎక్కువ మందులకి లొంగలేదు. రేపు మనకో, మన పిల్లలకో ఇన్ఫెక్షన్ వస్తే డాక్టర్ రాసేవి ఆ మందులే మరి.

ఆ తర్వాత ఈ శుద్ధి నీటిని పైప్‌లైన్‌లో అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి మళ్లించారు. చాలా యూనిట్లు నీళ్లు బయటికి వదలని పద్ధతికి మారాయి. 2020 జనవరిలో కేంద్రం యాంటీబయాటిక్ వ్యర్థాలకి పరిమితులు పెడుతూ డ్రాఫ్ట్ ఇచ్చింది. 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో మాత్రం ఆ పరిమితులు లేవు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అన్నిటికంటే నిరాశపరిచే భాగం ఇదే.

మరి ఇంట్లో ఏం చేయాలి?

మీటర్ విషయం చెప్పేస్తా. అంత దారుణమైన 31 మిల్లీగ్రాములు కలిసినా రీడింగ్ మహా అయితే 30 పీపీఎం పెరుగుతుంది. మీ బోరు ఎండాకాలానికీ వానాకాలానికీ అంతకంటే ఎక్కువే మారుతుంది. కాబట్టి టీడీఎస్ మీటర్‌ని ఆర్‌ఓ మెంబ్రేన్ పనిచేస్తోందా లేదా చూసుకోవడానికి వాడండి. దానికది చక్కటి గ్యాడ్జెట్.

మందులకి లొంగని బ్యాక్టీరియా మరిగించినా చావదేమో అన్న భయం అక్కర్లేదు. మందుని తట్టుకోవడం వేరు, వేడిని తట్టుకోవడం వేరు. యూవీకి, మరిగే నీటికి అవి మామూలువాటిలాగే చస్తాయి. యూఎఫ్ వాటిని వడకడుతుంది. కానీ కరిగిపోయిన మందు ఇంట్లో వాడే యూవీకి తగ్గదు, యూఎఫ్ రంధ్రాల్లోంచి జారిపోతుంది, మరిగిస్తే ఆవిరి కాదు. దాన్ని చాలావరకు ఆపేది ఆర్‌ఓ ఒక్కటే, కొంతవరకు కార్బన్ ఫిల్టర్, అది కూడా టైమ్‌కి మారిస్తేనే.

ఇక్కడే ఒక తిరకాసు ఉంది. చాలా మోడళ్లలో "టీడీఎస్ కంట్రోలర్" అని ఒక చిన్న వాల్వ్ ఉంటుంది. రుచి కోసం దాన్ని తిప్పితే ఆర్‌ఓ దాటని నీళ్లు కొన్ని మీ గ్లాసులో కలుస్తాయి. మంజీరా, గోదావరి నీళ్లొచ్చే ఇళ్లలో దీంతో పెద్ద ఇబ్బంది లేదు, నిజానికి అక్కడ టీడీఎస్ తక్కువైతే ఆర్‌ఓ అవసరమే ఉండకపోవచ్చు. ఇండస్ట్రియల్ ఏరియా పక్కన బోరు నీళ్లు తాగేవాళ్లు మాత్రం ఆ వాల్వ్ పూర్తిగా మూయించండి. ఖనిజాలు కావాలంటే ఆర్‌ఓ తర్వాత మినరల్ కార్ట్రిడ్జ్ ఉన్న మోడల్ చూసుకోండి.

ల్యాబ్‌లో టెస్ట్ చేయిద్దామనుకుంటే మామూలు "తాగునీటి ప్యాకేజ్" సరిపోదు. ఐఎస్ 10500 పట్టికలో పురుగుమందులు ఉన్నాయి, యాంటీబయాటిక్స్ లేవు. శాంపిల్ ఇచ్చేముందే ఎల్‌సీ-ఎంఎస్ పద్ధతిలో మందుల అవశేషాలు చూస్తారా, సిప్రోఫ్లాక్సాసిన్ ఆ లిస్టులో ఉందా అని అడగండి. ఖర్చు ఎక్కువే అవుతుంది కాబట్టి ఇంటికొకటి కాకుండా కాలనీ మొత్తానికి ఉన్న బోరుకి ఒకటి చేయించుకుంటే తలా కొంచెంతో పోతుంది.