గంపలో విత్తు, డబ్బాలో డిస్కు

జహీరాబాద్‌లో మా ఇంటి మెట్ల కింద ఒక చిన్న నల్ల డబ్బా ఉంది. లోపల రెండు హార్డ్ డిస్కులు, వెనక ఒక నెట్‌వర్క్ వైరు. ఇంట్లో ఎవరి ఫోనులోని ఫొటోలైనా వైఫై మీద వచ్చి అందులో చేరతాయి. దీన్ని నాస్ అంటారు. పెళ్లి వీడియోలు, పట్టాదారు పాసు పుస్తకాల స్కాన్లు, పోయిన అమ్మమ్మ గొంతు, అన్నీ అందులోనే. ఒక్కో డిస్కు 2 టెరాబైట్లు. ఈ ఎండాకాలానికి అవి నిండాయి. 4 టెరాబైట్లవి రెండు తెచ్చాను.

మార్చడం పావుగంట పనేనని దుకాణంలో అన్నారు. స్క్రూలు విప్పి బిగించడం వరకైతే నిజమే.

డిస్కులు రెండైనా వాటిలో ఉన్న సరుకు ఒకటే. ఒకదాని మీద రాసిందల్లా అదే క్షణంలో రెండోదాని మీదా పడుతుంది. ఈ ఏర్పాటు పేరు రెయిడ్-1. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో ప్రచురించిన పత్రంతో రెయిడ్ అనే మాట స్థిరపడింది. ఖరీదైన పెద్ద డిస్కుకు బదులు చవకవి కొన్ని జతకట్టి, వాటిలో ఒకటి చచ్చినా పని ఆగకుండా చూడాలన్నది వాళ్ల ఆలోచన. కాబట్టి ఒక పాత డిస్కు లాగేసి కొత్తది పెడితే, మిగిలిన పాతదాన్ని చూసి డబ్బా దాన్ని నింపుకుంటుంది. ఆ తర్వాత రెండోది. రెండూ మారితేగాని చోటు పెరగదు, ఎందుకంటే జతలో చిన్నదాని కొలతే కొలత.

నింపుకోవడానికి ఎంతసేపు? సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున ఆగకుండా చదివినా 2 టెరాబైట్లకు దాదాపు 3 గంటల 42 నిమిషాలు. మధ్యలో పిల్లలు సినిమా పెడితే ఇంకా ఎక్కువ.

ప్రమాదమంతా ఆ గంటల్లోనే ఉంది. డిస్కు లోపల నిమిషానికి 5,400 చుట్లు తిరిగే పళ్లెం అంటే సెకనుకు 90 చుట్లు. దాని మీద చదివే ముల్లు తగలకుండా, కొద్ది నానోమీటర్ల ఎత్తున గాలి పొర మీద తేలుతుంటుంది. మామూలు రోజుల్లో అడిగిన ఫైలు దగ్గరికే వెళ్తుంది. ఇప్పుడు మాత్రం ఈ చివర నుంచి ఆ చివరిదాకా, ఐదేళ్లుగా ఎవరూ తెరవని ఫొటోతో సహా, అంతా చదవాలి. ఎక్కడో పాడైన ఒక మూల ఉంటే ఇప్పుడే బయటపడుతుంది, అదీ రెండో ప్రతిని డబ్బాలోంచి తీసేసిన రోజున! పైగా రెండు డిస్కులూ ఒకే రోజు, ఒకే దుకాణంలో కొన్నవి. వయసు ఒకటే, అరుగుదల ఒకటే.

కొత్త డిస్కు ఏ రకమో కూడా చూసుకోవాలి. కొన్నిటిలో రాత గాళ్లు పైకప్పు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. చోటు కలిసొస్తుంది. కానీ పాత ఇంటి మీద ఒక్క పెంకు మార్చాలంటే పక్కవాటిని ఎన్నిటిని కదిలించాలో మనకు తెలిసిందే. ఇక్కడా ఒక గాడి మళ్లీ రాయాలంటే దాని పక్కవాటినీ తిరగరాయాలి. నింపే పని నత్తనడక నడుస్తుంది. ఒక్కోసారి డబ్బా విసిగి, ఆ డిస్కు చచ్చిందనుకుని పక్కన పెట్టేస్తుంది. నాస్ కోసమని అమ్మిన కొన్ని డిస్కుల్లో ఈ పద్ధతి ఉందని కొన్నవాళ్లకు ముందు చెప్పలేదని 2020లో పెద్ద రచ్చే జరిగింది. వివరాల్లో సీఎంఆర్ అని ఉంటే పెంకుల గొడవ లేనట్టు.

దాచుకోవడం అంటే నాకు మా ఊరి పక్కనే ఉన్న పస్తాపూర్ గుర్తొస్తుంది. అక్కడి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు జొన్న, కొర్ర, సామ వంటి పాత పంటల విత్తనాలు వేపాకు, బూడిద కలిపి గంపల్లో దాస్తారు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. నాకు అక్కడ నచ్చేది దాచడం కన్నా తిప్పడం. విత్తనం ఎంత బాగా దాచినా మొలకెత్తే శక్తి తగ్గుతూ పోతుంది. మళ్లీ చల్లి, పండించి, కొత్త గింజను గంపలోకి ఎత్తాలి. విత్తనం అప్పు తీసుకున్నవాళ్లు ఎక్కువ కొలిచి తిరిగిస్తారు కాబట్టి ఒకే రకం పది ఇళ్లలో ఉంటుంది. ఒక ఇంట్లో ఎలుకలు పడ్డా రకం పోదు.

నా డబ్బాలోవి రెండు గంపలే గాని, ఇల్లు ఒకటే. పిడుగు పడి కరెంటు ఎగదన్నితే రెండూ పోతాయి. నేను పొరపాటున ఒక ఫొటో చెరిపేస్తే రెండిటిలోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. రెయిడ్ ఉంది కదా, బ్యాకప్ ఎందుకు అనేవాళ్లకు ఈ ఒక్క ముక్క చాలు.

అందుకే ముందు ఒక బయటి డిస్కులోకి అంతా కాపీ చేసి, వాటిలో పదిపదిహేను ఫైళ్లు తెరిచి చూశాను. డబ్బాను యూపీఎస్‌కు తగిలించాను. మొదటి డిస్కు శనివారం సాయంత్రం మార్చాను, రెండోది ఆదివారం. సోమవారం పొద్దున తెర మీద మొత్తం చోటు 4 కాదు, 3.64 అని కనబడింది. దుకాణం మోసం కాదు. తయారీదారు వెయ్యితో లెక్కేస్తాడు, డబ్బా 1,024తో లెక్కేస్తుంది.

బయటకొచ్చిన పాత డిస్కుల్ని తుడిచి అమ్మేద్దామని ఇంట్లో అన్నారు. ఒకటి తుడిచాను. రెండోది అలాగే పాత కాటన్ చీర ముక్కలో చుట్టి, సంగారెడ్డిలో ఉన్న అక్కయ్య ఇంటికి పంపించాను. బియ్యం డబ్బా పక్కన పెట్టానని ఫోన్ చేసి చెప్పింది. అక్కడొద్దు, బీరువాలో పెట్టమన్నాను.