వాన పడితే ట్రిప్పర్ ఎందుకు పడిపోతుంది?

వేలూరులో చలికాలం అంటే బయటి ఊళ్ళ వాళ్ళు నవ్వుతారు. మే నెలలో రాళ్ళు పగిలే ఎండ కాసే చోట చలేమిటని వాళ్ళ ఉద్దేశం. డిసెంబరు, జనవరి రాత్రుల్లో పద్దెనిమిది డిగ్రీలకు దిగితే చాలు, మనకు మఫ్లర్లు బయటికొస్తాయి. గదిలో హీటరు పెట్టుకునే ఇల్లు మాత్రం వెతికినా దొరకదు. అందుకే హీటరు దగ్గర పరదా ఉంచొద్దు, కరెంటు దుప్పటి మడత పెట్టొద్దు లాంటి చలిదేశాల జాగ్రత్తలు మన ఇంటికి అతకవు. మన చలికాలం అక్టోబరులో ఈశాన్య రుతుపవనంతో మొదలవుతుంది. దాని అసలు సరుకు నీళ్ళు.

ఆ నీళ్ళు గోడల్లోకి ఎంత ఇంకుతాయో 2021 నవంబరు చూపించింది. పాలారు పొంగింది. మోర్ధానా ఆనకట్ట నిండి పొర్లి, కౌండిన్య నది గుడియాత్తం పల్లపు వీధుల్లోకి వచ్చింది. నవంబరు 19న పేర్ణాంబట్టులో నానిన ఇల్లు కూలి తొమ్మిది మంది చనిపోయారు. కూలేంతగా కాకపోయినా, ఆ నెలలో ఈ చుట్టుపక్కల తడవని గోడ లేదు. మన వైర్లు పోయేది ఆ గోడల్లోనే.

వానలు పట్టిన వారానికి గుడియాత్తంలో ఏ ఎలక్ట్రీషియన్ ఫోను మోగినా మాట దాదాపు ఇలాగే ఉంటుంది.

“అన్నా, ట్రిప్పర్ ఊరికే పడిపోతా ఉంది. ఎత్తితే మళ్ళీ పడతా ఉంది. దాన్ని తీసేసి డైరెక్టుగా ఇచ్చెయ్యన్నా, మిక్సీ వెయ్యాల.”

“వానకి అట్లే ఉంటుందిలే అక్కా. వస్తా.”

వచ్చి, నిజంగానే తీసేసి పోయేవాళ్ళు ఉన్నారు. లైట్లు వెలుగుతాయి, మిక్సీ తిరుగుతుంది, అందరికీ సంతోషం. ఇంట్లో చలికాలమంతా జరిగే అతి ప్రమాదకరమైన పని ఇదే. అది ఎందుకో తెలియాలంటే ఆ డబ్బాలో ఏముందో కొంచెం ఓపికగా చూడాలి.

మెయిన్ బోర్డులో రెండు రకాల మీటలుంటాయి. చిన్నవి వరుసగా ఉండేవి ఎంసీబీలు. పాత ఇళ్ళలో వాటి చోట పింగాణీ ఫ్యూజులు ఉండేవి. వీటి పని వైరును కాపాడటం. పదహారు ఆంపియర్ల ఎంసీబీ అంతకు మించి కరెంటు లాగితే పడిపోతుంది, వైరు కాలకుండా ఆపుతుంది. రెండోది కొంచెం వెడల్పుగా, పక్కన ‘టి’ అని రాసిన చిన్న బటనుతో ఉంటుంది. అది ఆర్‌సీసీబీ. మనవాళ్ళు ట్రిప్పర్ అనేది దీన్నే. ఇది కాపాడేది మనిషిని.

ఎంసీబీ ఉంటే చాలదా అంటే, లెక్క చూడండి. అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చార్లెస్ డాల్జియెల్ అనే ప్రొఫెసర్ మనుషుల మీదే పరీక్షలు చేసి, ఎంత కరెంటు దాటితే పట్టుకున్న తీగను చెయ్యి వదల్లేదో కొలిచాడు. మగవాళ్ళకు సగటున 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్ళకు పదిన్నర. మిల్లీ అంటే వెయ్యో వంతు. అంటే వేళ్ళు బిగుసుకుపోయి తీగ వదలలేని స్థితి వచ్చేసరికి, ఎంసీబీ పడాల్సిన కరెంటులో వెయ్యో వంతు కూడా ఒంట్లోకి పోయి ఉండదు. మనిషి ప్రాణం పోతున్నా దానికి అది ఒక చిన్న బల్బు వెలిగినట్టే.

ఆర్‌సీసీబీ చేసే లెక్క వేరు. ఫేజులో వెళ్ళిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా అని అది క్షణక్షణం చూస్తూంటుంది. వెళ్ళినంతా రాలేదంటే ఎక్కడో దారి తప్పింది. తడి గోడలోకో, గ్రైండరు రేకులోకో, మనిషి ఒంట్లోంచి నేలలోకో పోతోంది. తేడా ముప్పై మిల్లీ ఆంపియర్లకు చేరేలోపే రెప్పపాటులో కట్ చేస్తుంది. ఇప్పుడు ఆ అక్క ఫోను గుర్తు చేసుకోండి. వానకు ట్రిప్పర్ పడిందంటే అది చెడిపోలేదు. ఎక్కడో కరెంటు కారుతోందని నిజం చెబుతోంది. దాన్ని పీకేయడం కాపలా కుక్క మొరుగుతోందని మూతి కట్టేయడం లాంటిది.

కారేది ఎక్కడో వెతకడం పెద్ద విద్యేమీ కాదు. ముందు ఇంట్లో ప్లగ్గులన్నీ ఊడదీయండి. ఎంసీబీలన్నీ దించి ట్రిప్పర్ ఎత్తండి. తర్వాత ఒక్కో ఎంసీబీ ఎత్తుతూ పోతే, ఏది ఎత్తగానే పడిందో ఆ లైనులో జబ్బు ఉంది. ఏదీ పడకపోతే ప్లగ్గులు ఒక్కొక్కటే పెట్టి చూడండి. అన్నీ దించినా పడుతూనే ఉంటే ఆ పని మనది కాదు. చాలాసార్లు దొంగ ఇంటి బయటే దొరుకుతాడు: వాకిట్లో లైటు, బోరు మోటారు స్విచ్చు, మిద్దె మీది ట్యాంకు దగ్గర టేపు చుట్టి వదిలేసిన అతుకు. ఈ నెలల్లో వీటికి పండగలు తోడవుతాయి. కార్తీక దీపానికి కట్టిన సీరియల్ బల్బులు, డిసెంబరు మొదటి వారంలోనే వేలూరు వీధుల్లో వాకిలి వాకిలికీ వేలాడే క్రిస్మస్ నక్షత్రాలు, వాటి కోసం కిటికీలోంచి బయటికి లాగిన పలచటి వైరు. చివర ప్లగ్గు కూడా లేకుండా రెండు తీగల కొసలను సాకెట్లో పెట్టి అగ్గిపుల్లలు గుచ్చేవాళ్ళున్నారు. అగ్గిపెట్టెలకు పేరున్న ఊళ్ళో పుల్లలకు కరువేముంది!

ఎర్తింగు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అపోహలన్నీ అక్కడే ఉన్నాయి. “మా ఇంట్లో ఎర్తు ఉంది, భయం లేదు” అంటారు. పెరట్లో గుంత తీసి, పైపు దించి, ఉప్పూ బొగ్గూ వేసిన సంగతి నిజమే. కానీ ఇరవై ఏళ్ళ కిందట వేసిన ఆ పైపు తుప్పు పట్టి ఉంటుంది, దాని మీద సిమెంటు పరిచేసి ఉంటారు. దాని నిరోధం ఇరవై ఓములు ఉందనుకోండి. గ్రైండరు రేకుకు ఫేజు తగిలింది. 230 వోల్టులను ఇరవైతో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు. పదహారు ఆంపియర్ల ఎంసీబీ దీనికి పడదు. గ్రైండరు అలాగే కరెంటుతో నిలబడి ఉంటుంది. ఆర్‌సీసీబీ ఉంటే మాత్రం ప్లగ్గు పెట్టి స్విచ్చు వేసిన క్షణమే, ఎవరూ చెయ్యి పెట్టకముందే పడిపోతుంది. ఎర్తు లేకుండా ఆర్‌సీసీబీ ఒక్కటే ఉన్నా ఎంతో మేలే కానీ, అప్పుడు కరెంటుకు దారి చూపే మొదటి శాల్తీ మనమే అవుతాం. ఒక దెబ్బ తిన్నాకే అది పడుతుంది. రెండూ కావాలి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ణి ఏదీ కాపాడలేదు, అదీ తెలిసి ఉండాలి.

గ్రైండరు పేరు ఊరికే ఎత్తలేదు. 2011 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం ఉచిత మిక్సీ, గ్రైండరు, ఫ్యాను పంచడం మొదలుపెట్టింది. ఆ గ్రైండర్లు చాలా ఇళ్ళలో ఇప్పటికీ తిరుగుతున్నాయి. నేల మీద పెట్టి, నీళ్ళు పోసి కడుగుతూ, ఉత్త కాళ్ళతో తడి బండల మీద నిలబడి వాడే వస్తువు అది. రేకు ముట్టుకుంటే జిల్లుమంటే ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే వైద్యం ఒకటే: “చెప్పులేసుకుని ముట్టుకో.” పొడి చర్మానికి నిరోధం లక్ష ఓముల దాకా ఉండొచ్చు. అప్పుడు ఒంట్లోకి పోయేది రెండు మిల్లీ ఆంపియర్లు, అదే ఆ జిల్లు. చెయ్యీ కాలూ తడిస్తే నిరోధం వెయ్యి ఓములకు దిగిపోతుంది. అప్పుడు 230 మిల్లీ ఆంపియర్లు. నిన్న జిల్లుమన్న గ్రైండరే రేపు చంపుతుంది. మారింది తడి ఒక్కటే.

ఇక చలికాలపు సొంత బిడ్డ, నీళ్ళు కాచే రాడ్డు. తొమ్మిది నెలలు అటక మీద పడుకుని నవంబరులో దిగుతుంది. రాగి గొట్టం లోపల కాలే తీగ ఉంటుంది, తీగకూ గొట్టానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడి దట్టించి ఉంటుంది. ఆ పొడి తేమను పీలుస్తుంది. అటక మీద ఒక వానాకాలం గడిపిన రాడ్డు మూతి దగ్గర సీలు వదులైతే లోపలికి తేమ చేరి, కరెంటు గొట్టంలోకి, గొట్టం నుంచి నీళ్ళలోకి వస్తుంది. పైగా మన బోరు నీళ్ళు గట్టివి, నాలుగు వారాల్లో తెల్లటి పెచ్చు కడతాయి. పెచ్చు కింద గొట్టం మితిమీరి వేడెక్కి చిట్లుతుంది. అందుకని ప్లాస్టిక్ బకెట్టు వాడాలి, రాడ్డు నీళ్ళలో ముంచాకే స్విచ్చు వేయాలి. నీళ్ళు కాగాయో లేదో వేలు పెట్టి చూసే ముందు స్విచ్చు ఆపడంతో సరిపెట్టకుండా ప్లగ్గు కూడా పీకాలి. ఫేజూ న్యూట్రలూ తారుమారు చేసి వైరింగు చేసిన ఇళ్ళు తక్కువేం కాదు, అక్కడ స్విచ్చు ఆపినా రాడ్డులో ఫేజు నిలిచే ఉంటుంది. పదిహేను వందల వాట్ల రాడ్డు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. మంచం పక్కన సెల్‌ఫోను పెట్టుకునే ఆరు ఆంపియర్ల సాకెట్టు దానికి చాలదు. సీఎంసీ ఆస్పత్రికి వచ్చి గాంధీ రోడ్డు లాడ్జీల్లో వారాల తరబడి ఉండే చిత్తూరు, కడప వాళ్ళకు ఇది మరీ ముఖ్యం. పరాయి గది, తెలియని వైరింగు, మంచాన రోగి.

గుడియాత్తం నేతగాళ్ళ ఇళ్ళ సంగతి వేరే చెప్పుకోవాలి. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుంటాడు మనిషి. వానాకాలంలో ఆ గుంత చెమ్మగిల్లుతుంది, కొన్నిచోట్ల నీళ్ళే ఊరతాయి. మట్టిలో తడి కాళ్ళు, తల మీద చేతికందే ఎత్తులో వేలాడే లైటు, దాని వైరులో రెండు అతుకులు. కరెంటు పోవడానికి ఇంతకంటే సుళువైన దారి ఎవరూ కట్టి ఇవ్వలేరు. చేమగ్గానికి రెండు నెలలకు 300 యూనిట్ల కరెంటు 2023 నుంచి ఉచితమే కానీ మీటరు దాటాక వైరు మనది, దాని బాధ్యతా మనదే. ఆ లైటు వైరు అతుకు లేకుండా మార్చి, స్విచ్చు గుంతలోంచి అందనంత దూరంలో పెట్టించడం ఒక పూట పని.

బట్టలు ఆరని రోజుల్లో ఇనుప తీగ దండేలు కిటికీ ఊచలకూ, సర్వీసు వైరును మోసే తీగకూ కట్టేస్తుంటారు. ఆ ఇనుప తీగలోకి కరెంటు దిగొచ్చు, నైలాను తాడు చాలు.

ఇన్వర్టరు ఉన్న ఇల్లైతే ఒక్క విషయం. 2012 నాటి కరెంటు కోతల్లో పట్టుకున్న అలవాటు మనది, ఇప్పటికీ వదల్లేదు. మెయిన్ ఆపినా ఇన్వర్టరు లైన్లలో కరెంటు ఉంటుంది. నీళ్ళు ఇంట్లోకి వస్తాయనిపిస్తే, అడుగు పొడిగా ఉండగానే రెండూ ఆపాలి. నీళ్ళు తీశాక గోడలు ఆరి, ఎలక్ట్రీషియన్ మెగ్గర్ (వైరు ఇన్సులేషను కొలిచే పరికరం) పెట్టి చూశాకే మళ్ళీ వేయాలి. వీధిలో తీగ తెగి పడి ఉంటే, అది చచ్చిన తీగలా కనిపించినా దగ్గరికి పోకుండా ఈబీ (కరెంటు బోర్డు) వాళ్ళ 94987 94987కు చెప్పాలి. షాక్ కొట్టిన మనిషిని ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపాలి. ఊపిరి లేకపోతే ఛాతీ నడుమ నిమిషానికి వందకు తగ్గకుండా గట్టిగా అదుముతూ 108కి ఫోను చేయించాలి.

ఆర్‌సీసీబీ లేని ఇంటికి అది రెండు వేల రూపాయలకు అటూ ఇటూ ఖర్చు. ఉన్న ఇంటికి నెలకొకసారి ఆ ‘టి’ బటను నొక్కడమే పని. నొక్కగానే ఠక్కున పడాలి. పడకపోతే ఆ డబ్బా గోడకు అలంకారమే, మార్పించండి. సీరియల్ వేళ మాత్రం నొక్కకండి, టీవీ ఆరిపోయిందని అత్తగారు ఊరుకోరు.